తాళం చెవి ఎవరి చేతిలో?

కమ్యూనిటీ హాలు కట్టడానికి డబ్బు ఏదో ఒక ఖాతాలో దొరుకుతుంది. పదేళ్ల తర్వాత కూడా అది తెరిచి ఉండాలంటే మాత్రం శంకుస్థాపనకు ముందే కొన్ని లెక్కలు తేల్చుకోవాలి.

మన ఊళ్లలో అన్నింటికన్నా తేలిగ్గా మంజూరయ్యేది కమ్యూనిటీ హాలు. అన్నింటికన్నా త్వరగా పాడుబడేదీ అదే. ఎన్నికల ముందు హామీ, గెలిచాక కొబ్బరికాయ, మరో ఏడాదికి రిబ్బను. ఆ తర్వాత శిలాఫలకం మీద పేర్లు చెక్కుచెదరకుండా ఉంటాయి కానీ తలుపు తాళానికి తుప్పు పడుతుంది. కిటికీ అద్దాలు పగులుతాయి, కరెంటు బిల్లు కట్టక మీటరు తీసుకుపోతారు, వరండాలో గేదెలు కాపురం పెడతాయి. అదే ఊరివాళ్లు పెళ్లికి పక్క పట్టణంలో ఫంక్షన్ హాలుకు వేలకు వేలు పోస్తారు. కట్టడానికి డబ్బు లేక ఆగిపోయిన హాళ్ల కన్నా, కట్టాక నడిపే దిక్కు లేక మూతపడ్డ హాళ్లే ఎక్కువగా కనిపిస్తాయి.

ఈ సంగతి బంగాళాఖాతం అవతల జంగ్లీఘాట్‌లో మరింత సూటిగా తగులుతుంది. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మార్చుకున్న పోర్ట్‌బ్లెయిర్‌లో అదొక రేవు పేట. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన మత్స్యకారుల కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి. చేపల జెట్టీ దగ్గర ఉత్తరాంధ్ర యాస వినపడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతం పైచిలుకు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం మనదే. కాగితం మీద జంగ్లీఘాట్ మున్సిపల్ కౌన్సిల్ పరిధిలోని పట్టణ ప్రాంతం. మనుషుల తీరులో మాత్రం ఊరే. ఎవరింట్లో పెళ్లయినా, ఎవరి పడవ తిరిగి రాకపోయినా పేటంతా ఒకచోట చేరాలి. అలాంటి చోట కొత్త హాలు కట్టాలనుకుంటే ఏమేం ఆలోచించాలో చూస్తే, మన జిల్లాల్లోని ఊళ్లకూ పనికొచ్చే పాఠాలు చాలానే దొరుకుతాయి.

ముందు డబ్బు సంగతి. దారులు లేకపోలేదు. జాతీయ మత్స్యకార సంక్షేమ పథకం కింద కేంద్రం ఒకప్పుడు ఆదర్శ మత్స్యకార గ్రామాలకు సాయం చేసేది. కనీసం 75 ఇళ్లున్న గ్రామానికి ఒక కమ్యూనిటీ హాలు ఇవ్వవచ్చని అందులో నిబంధన. హాలు విస్తీర్ణం 200 చదరపు మీటర్లు. 2000ల నాటి లెక్కలో దానికి కేటాయించిన మొత్తం రెండు లక్షల రూపాయల లోపే. అంటే చదరపు మీటరుకు వెయ్యి రూపాయలు కూడా లేదు. ఒడ్డునే ఉన్న కాకినాడలోనో భీమిలిలోనో ఆ డబ్బుతో గోడలు లేస్తే గొప్ప. సిమెంటు, ఇనుము ఓడలో రావలసిన దీవుల్లో పునాది దాటడమే కష్టం. తర్వాత పథకాల పేర్లు మారాయి. 2015లో నీలి విప్లవం అన్నారు, 2020లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన అన్నారు. దేశమంతటికీ ఒకే రేటు రాసుకునే అలవాటు ఉన్నంతకాలం తీరానికీ దీవికీ మధ్య ఉన్న 1,200 కిలోమీటర్ల సముద్రం ఏ ఎస్టిమేటులోనూ కనపడదు.

రెండో దారి ఎంపీ నిధులు. 1993 డిసెంబరులో మొదలైన ఈ పథకం కింద ఎంపీకి ఏడాదికి దక్కే మొత్తం 1998-99 నుంచి రెండు కోట్లు, 2011-12 నుంచి అయిదు కోట్లు. అండమాన్ నికోబార్‌కు ఉన్నది ఒకే ఒక్క లోక్‌సభ సభ్యుడు. ఉత్తర అండమాన్ నుంచి గ్రేట్ నికోబార్ దాకా ఏడు వందల కిలోమీటర్ల పొడవునా పరుచుకున్న దీవులన్నీ ఆ ఒక్క ఖాతాకే చేయి చాచాలి. పైగా కరోనా కాలంలో, 2020 ఏప్రిల్ నుంచి 2021 నవంబరు దాకా, ఆ ఖాతాను కేంద్రమే ఆపేసింది. దాన్నే నమ్ముకుని పునాదులు తవ్వినవాళ్ల గతేమిటో ఊహించుకోవచ్చు.

ఈ పథకం మార్గదర్శకాల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని వాక్యం ఒకటుంది. పని మంజూరు చేసే ముందే, ఆ ఆస్తిని ఎవరు నడుపుతారో, ఎవరు బాగుచేయిస్తారో వాళ్ల దగ్గర జిల్లా యంత్రాంగం గట్టి హామీ తీసుకోవాలి. హాలు మూతపడకుండా ఉండే రహస్యమంతా ఆ వాక్యంలోనే ఉంది. ఆచరణలో మాత్రం అది ఫైలులో ఒక సంతకంగా మిగిలిపోయింది. 2004-09 మధ్య అమలు తీరుపై కాగ్ జరిపిన తనిఖీలో, సృష్టించిన ఆస్తులకు రిజిస్టర్లే లేని జిల్లాలు బయటపడ్డాయి. ఉందో లేదో రాసుకోని భవనానికి సున్నం వేయించేదెవరు?

మూడో దారి కుల, భాషా సంఘాలు. పోర్ట్‌బ్లెయిర్‌కు ‘మినీ ఇండియా’ అన్న పేరు ఊరికే రాలేదు. బెంగాలీలకు అతుల్ స్మృతి సమితి, మలయాళీలకు కేరళ సమాజం, తమిళులకు తమిళర్ సంగం, తెలుగువారికి ఆంధ్రా అసోసియేషన్. ఇంటికి దూరంగా బతికేవాళ్లకు ఇలాంటి గూడు ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. కానీ రిజిస్టరైన సంఘానికి ఎంపీ నిధులు కావాలంటే దానికి కనీసం మూడేళ్ల సేవా చరిత్ర ఉండాలి, కట్టిన భవనం ప్రజలందరికీ అందుబాటులో ఉంచుతామని ఒప్పందం రాయాలి, ప్రభుత్వ అనుమతి లేకుండా దాన్ని అమ్మనూ కూడదు. ఇక్కడే పేట పెద్దలు తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న ఎదురవుతుంది. ఇది తెలుగువాళ్ల హాలా, జంగ్లీఘాట్ హాలా? మొదటిదైతే సొంత చందాలతో కట్టుకోవాలి. రెండోదైతే పక్కింటి తమిళుడి కూతురి పెళ్లికీ అదే అద్దెకు, అదే మర్యాదతో ఇవ్వాలి. డబ్బు అందరిదీ, గడప మాది అంటే మాత్రం చెల్లదు.

దేవుడి విషయంలోనూ ఇదే పేచీ. ఉత్తరాంధ్ర పల్లెల్లో రామకోవెలే ఊరి హాలు. తగవులు తీర్చేది అక్కడే, తుపాను హెచ్చరిక వస్తే తల దాచుకునేదీ అక్కడే. ఆ అలవాటు వలస వెళ్లినవాళ్లతో పాటే ఓడెక్కింది. అందుకే కోవెల స్థలంలోనే హాలు కట్టేద్దామన్న మాట ఎప్పుడూ ముందు వస్తుంది. స్థలం ఖర్చు ఉండదు, పూజారి ఎలాగూ ఉంటాడు, దీపం పెట్టే దిక్కు ఉంటుంది. అయితే ప్రార్థనా స్థలాల్లో గానీ మతసంస్థల భూమిలో గానీ ఎంపీ నిధులతో పనులు చేయకూడదని నిబంధన. గోడ కోవెలది, స్లాబు సర్కారుది అన్న ఏర్పాటు తనిఖీ అధికారి మొదటి రాకతోనే కూలిపోతుంది. కోవెల సొమ్ము కోవెలకు, హాలు సొమ్ము హాలుకు అని రెండు పుస్తకాలు పెట్టుకున్నవాళ్లకు ఆ బెడద లేదు.

ఇక స్థలం, సామాను. దీవుల విస్తీర్ణంలో ఎనభై శాతానికి పైగా అటవీ భూమి. మిగిలిన కొద్ది నేలలో పట్టణానికి దక్కింది మరీ కొంచెం. రేవు దగ్గర ఖాళీగా కనిపించే జాగా తీర నియంత్రణ నిబంధనల్లోకి రావచ్చు. కాబట్టి చందా పుస్తకం అచ్చు వేయించే ముందు రెవెన్యూ కార్యాలయంలో స్థలం ఎవరి పేరున ఉందో చూసుకోవాలి. పేటలో అందరికీ తెలిసిన స్థలం వేరు, రికార్డులో ఉన్న స్థలం వేరు.

ఇసుక కథ మరొకటి. దశాబ్దాల పాటు అక్కడి భవనాలు కడలి ఒడ్డు ఇసుకతోనే లేచాయి. ఇసుక తీస్తే తీరం కోసుకుపోతుందని, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు పోతాయని శేఖర్‌సింగ్ కమిషన్ నివేదించాక, 2002 మే 7న సుప్రీంకోర్టు తవ్వకాలను ఏటా తగ్గించుకుంటూ రమ్మని ఆదేశించింది. అప్పటి నుంచి రాతిని పిండి చేసిన ఇసుకో, ఓడలో వచ్చిన ఇసుకో వాడుకోవాలి. ఇది నష్టమని గొణుక్కునేవాళ్లున్నారు గానీ, కడగని సముద్రపు ఇసుకలోని ఉప్పు స్లాబులోని ఇనుమును తినేస్తుందని మేస్త్రీలకు బాగా తెలుసు. చవగ్గా కట్టిన హాలుకు ఇరవై ఏళ్లు తిరగకముందే పెచ్చులూడితే ఆ చవక ఎవరికి లాభం?

2004 డిసెంబరు 26ను మరిచి అక్కడ ఏ ప్లానూ గీయలేం. ఆ ఉదయపు భూకంపం, సునామీ దీవుల్లో 3,500 మందికి పైగా ప్రాణాలు తీశాయి. వారిలో గల్లంతై తిరిగిరానివారే ఎక్కువ. దక్షిణ అండమాన్‌లో నేల సుమారు మీటరు కుంగింది. సిప్పీఘాట్‌లో పొలాల్లోకి వచ్చిన ఉప్పునీరు మళ్లీ వెనక్కి పోలేదు. కాబట్టి జంగ్లీఘాట్‌లో ఏ హాలుకైనా అడగవలసిన మాట నేల ఎత్తు గురించే. పున్నమి పోటుకు నీరు ఎక్కడిదాకా వస్తుంది? ఆ గీత నుంచి పునాది ఎంత పైన ఉంది? దేశంలో అత్యధిక భూకంప ప్రమాదమున్న ప్రాంతాల్లో అండమాన్ ఒకటి. మధ్యలో స్తంభాలు లేని పెద్ద హాలు మీద బరువైన స్లాబు పరచడం అక్కడ జూదమే. గట్టిగా బిగించిన ఇనుప దూలాల మీద తేలికపాటి కప్పు, ఒకటికి బదులు మూడు నాలుగు వెడల్పాటి తలుపులు ఉంటే అందం కాస్త తగ్గినా ప్రాణాలు దక్కుతాయి. సునామీ తర్వాత బాధితులకు వేసిన తాత్కాలిక రేకుల ఇళ్లలో పగటి వేడికి ఉండలేకపోయారన్న విమర్శ అప్పట్లో గట్టిగానే వచ్చింది. ఉండబోయేవాళ్లను అడగకుండా గీసిన ప్లాను ఫలితం అది. రేకు వేస్తే దాని కింద వేడి ఆపే పొర, పైన గాలి పోయే దారి ఉండాలి.

అదే కప్పు ఇంకో మేలూ చేస్తుంది. పోర్ట్‌బ్లెయిర్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అయినా వేసవి వస్తే కుళాయి రోజు విడిచి రోజు, కొన్నిసార్లు అంతకన్నా అరుదుగా వస్తుంది. ధనీఖారీ జలాశయం అడుగంటితే పట్టణం గొంతు తడారిపోతుంది. 200 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదిలో పడే వాన ఆరు లక్షల లీటర్లు. మూడింట రెండు వంతులు పట్టుకున్నా నాలుగు లక్షల లీటర్లు. హాలు పక్కన తొట్టి కడితే ఫంక్షన్ల అవసరం తీరుతుంది, ఎండాకాలంలో పేటకూ నాలుగు బిందెలు దక్కుతాయి. పెళ్లిళ్లు లేని నెలల్లోనూ జనం హాలు ముఖం చూసేలా చేసే ఇలాంటి ఏర్పాటుకు ఎస్టిమేటులో చోటివ్వడం వృథా ఖర్చు కాదు.

ఎప్పుడూ వాడే భవనమే నిలుస్తుందని మన తీరం ఎప్పుడో నేర్చుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పదివేల మందికి పైగా బలి తీసుకున్నాక, కోస్తా పొడవునా తుపాను ఆశ్రయ భవనాలు కట్టారు. తుపానుకు మాత్రమే తెరవాలని తాళం వేసి ఉంచినవి కొన్నేళ్లకే శిథిలమయ్యాయి. బడిగానో, సంఘం ఆఫీసుగానో రోజూ వాడుకున్నవి అవసరానికి అక్కరకొచ్చాయి. 2011లో మొదలైన జాతీయ తుపాను ముప్పు తగ్గింపు ప్రాజెక్టులో ఆంధ్రప్రదేశ్, ఒడిశాల్లో బహుళ ప్రయోజన ఆశ్రయాలు కట్టినప్పుడు ఈ అనుభవాన్నే లెక్కలోకి తీసుకున్నారు. ఊరివాళ్లతో నిర్వహణ కమిటీ, దాని పేరున బ్యాంకులో మూలనిధి, ఆ వడ్డీతో మరమ్మతులు అన్న పద్ధతి పెట్టారు. కట్టడానికి అయిన ఖర్చుతో పోలిస్తే ఆ నిధి చిన్నది. కానీ తలుపు తెరిచి ఉంచేది అదే.

మరి ఊరి వాటా ఎంత? ఇక్కడ జన్మభూమి అనుభవం గుర్తు చేసుకోవాలి. 1997 జనవరిలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ కార్యక్రమంలో చాలా పనులకు సుమారు 30 శాతం ప్రజల వాటా ఉండాలన్నారు. ఆలోచన మంచిదే. తన చేతి డబ్బు పెట్టిన మనిషి పని నాణ్యత చూస్తాడు. కానీ చాలాచోట్ల ఆ వాటాను కాంట్రాక్టరే కట్టేసి, సిమెంటులో, ఇనుములో రాబట్టుకున్నాడన్న ఆరోపణలు వచ్చాయి. ఊరికి పైసా ఖర్చు లేదు, పని మీద పెత్తనమూ లేదు. ఒక్క పెద్దమనిషి లక్ష ఇచ్చినా జరిగేది దాదాపు ఇంతే. హాలు మీద ఆయన తండ్రి పేరు ఉంటుంది, తాళం ఆయన ఇంట్లో ఉంటుంది.

మత్స్యకారులకు ఇందులో ఎవరి పాఠాలూ అక్కర్లేదు. ఊరుమ్మడి సొమ్ము కూడబెట్టడం మన తీరపు పల్లెల్లో పాత కట్టుబాటు. పడవకింత అనో, పాటలో వచ్చిన దాంట్లో ఇంత అనో తీసి అమ్మవారి జాతరకు, ఊరి తగవులకు, దిక్కులేని కుటుంబానికి ఖర్చు పెట్టేవారు. లెక్క నలుగురి ముందు చదివేవారు. ఆ పద్ధతికే కొత్త పుస్తకం కావాలి. ఉదాహరణకు మూడు వందల కుటుంబాలు నెలకు 30 రూపాయలు వేసుకుంటే నెలకు తొమ్మిది వేలు, ఏడాదికి 1,08,000. అయిదేళ్లు ఆగితే వడ్డీ కాక అయిదు లక్షల నలభై వేలు. దాంతో హాలు లేవదు. కానీ ప్రభుత్వం కట్టిన హాలును నడపడానికి అది గట్టి మూలధనం. పైగా అయిదేళ్లు క్రమం తప్పకుండా ముప్పై రూపాయలు వసూలు చేయగలిగిన పేట హాలును నడపగలదని అధికారికి వేరే రుజువు చూపించనక్కర్లేదు. రెండో ఏడాదికే వసూలు ఆగిపోతే అదీ మంచిదే. కోటి రూపాయలు కాంక్రీటులో పోసే ముందే సంగతి తెలిసిపోతుంది.

కమిటీలో ఎవరుండాలన్నది ఆఖరి ప్రశ్న, అన్నింటికన్నా ఇబ్బంది పెట్టే ప్రశ్న. కులపెద్దలు, పడవల యజమానులు ఎలాగూ ఉంటారు. జెట్టీలో చేపలు కొని బజారులో గంపతో కూర్చునే ఆడవాళ్ల మాటేమిటి? హాలు వాడకం ఎక్కువ వాళ్లదే. పొదుపు సంఘం సమావేశం, పసిపిల్లల టీకాలు, సీమంతం, చావింటి భోజనాలు, అన్నీ వాళ్ల చేతుల మీదుగా జరిగేవే. అయినా ప్లాను గీసేటప్పుడు వాళ్లను అడిగే ఆనవాయితీ లేదు. అందుకే మన హాళ్లలో వేదిక ఇరవై అడుగులుంటుంది, వంటగది పదడుగులుంటుంది, ఆడవాళ్ల మరుగుదొడ్డి ఎస్టిమేటు తగ్గించేటప్పుడు మొదట కొట్టేసే అంశమవుతుంది. కమిటీలో సగం మంది ఆడవాళ్లు, బ్యాంకు ఖాతాలో ఒక సంతకం వాళ్లది అని ముందే రాసుకుంటే ఈ కొట్టివేతలు అంత సులువుగా జరగవు.

అద్దె విషయంలో మొహమాటం హాళ్లను ముంచే మరో రాయి. మనవాడే కదా అని ఒకరికి ఉచితంగా ఇస్తే రెండోవాడు ఎందుకు కడతాడు? చావు కార్యాలకు, తుపాను సమయానికి ఉచితం. పేటవాళ్ల పెళ్లికి కరెంటు, ఊడ్పు ఖర్చులకు సరిపడా. బయటివారికి బజారు ధర. మూడు వరుసల ఈ పట్టిక గోడ మీద రంగుతో రాసి ఉంటే సగం తగాదాలు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. అక్కడి కరెంటు ఎక్కువ భాగం డీజిలు కాల్చి తెచ్చుకునేది కాబట్టి, కప్పు మీద నాలుగు సౌర పలకలు పెట్టుకుంటే బిల్లూ తగ్గుతుంది, గాలివానకు లైన్లు తెగిన రాత్రి దీపమూ ఉంటుంది.

ఇవన్నీ పెద్ద ఇంజనీరింగ్ రహస్యాలు కావు. స్థలం పట్టా, వాడకం ఒప్పందం, మూలనిధి, కమిటీ, అద్దె పట్టిక అన్నవి అయిదు కాగితాలు. జంగ్లీఘాట్‌లోనైనా, జంఝావతి ఒడ్డునైనా ఈ అయిదూ చేతిలో పెట్టుకుని నిధులు అడిగే పేటకు ముందు వరుసలో చోటు ఇవ్వడం ప్రభుత్వాలు చేయగల పని. అవి లేకుండా మంజూరు చేయనని ఒక్క కలెక్టరు పట్టుబట్టినా ఆ జిల్లాలో శంకుస్థాపనలు సగానికి పడిపోతాయి. నాయకులకు అది నచ్చదు. ఊళ్లకు మాత్రం మిగిలిన సగం హాళ్లు తెరిచి ఉంటాయి. కొబ్బరికాయ కొట్టే రోజున వేదిక ముందు కూర్చున్నవాళ్లు నాయకుడిని హాలు ఎన్ని లక్షలదని అడగనక్కర్లేదు, అది ఎలాగూ శిలాఫలకం మీద ఉంటుంది. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో, బల్బు మాడిపోతే కొత్తది ఏ డబ్బుతో కొంటారో అడిగితే చాలు.